అరువు కుర్చీలో ప్రొఫెసరు గారు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు. నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో బల్లి కనపడితే, ఆ సంగతి చెప్పడానికి నేను కొండారెడ్డి బురుజు దాకా నడిచేలోపు అది ఉడుమవుతుంది. ఇంకో రెండు వీధులు దాటితే మొసలి. నా భార్య దీనికొక లెక్క కనిపెట్టింది. నేనేం చెప్పినా నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అట్లాగే భాగించుకుంటూ చదవండి. ఒక్కచోట మాత్రం భాగిస్తే చాలదు, మొత్తం కొట్టేయాలి. అది ఎక్కడో చివర్లో నేనే చెప్తాను.

పోయిన నెల మా కాలేజీలో ఒక సంస్మరణ సభ జరిగింది. పోయినాయన దేశదేశాల్లో పేరున్న ప్రొఫెసరు. విదేశీ విద్యార్థులను మన పల్లెలకు తీసుకొచ్చి పేదరికం చూపించడం, మన పల్లెల పేదరికాన్ని విమానమెక్కించి విదేశాల్లో చూపించడం, ఈ రెండూ ఆయన వృత్తి. వేరే సరుకైతే దీన్ని ఎగుమతి దిగుమతి వ్యాపారం అనేవాళ్ళు. ఇది చదువు కాబట్టి గ్రామీణ పేదరిక నిర్మూలన అన్నారు.

వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన నవ్వుతున్నాడు. ఆయన పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీలో జరీ అంచు చీర కట్టుకున్న ఒక పల్లెటూరి ఆడమనిషి, నవ్వాలో వద్దో తెలియక బిగుసుకుని కూర్చుంది. మాట్లాడిన పదకొండు మందీ ఆయనను పేదల పెన్నిధి అన్నారు. నాకు లేచి బయటికి పోయి నాలుగు సార్లు పుక్కిలించి ఉమ్మి రావాలనిపించింది. పోలేదు. సభానంతరం ఉగ్గాని, బజ్జీ ఉన్నాయని చెప్పారు.

తింటూ ఉంటే ప్రిన్సిపాల్ వచ్చి, "మీరు ఆయనతో పల్లెలు తిరిగినవాళ్ళు కదా, సంస్మరణ సంచికకు రెండు పేజీలు రాయండి" అన్నాడు. రాశాను. సంచికలో వేసుకునేటట్టు రాలేదు. అందుకని ఇక్కడ పెడుతున్నాను.

ఆయన మా ప్రాంతానికి ప్రతి డిసెంబరులోనూ వచ్చేవాడు. డిసెంబరులోనే వచ్చేవాడు. ఎండాకాలంలో ఆయన ఇక్కడ అడుగు పెట్టిన పాపాన పోలేదు. డిసెంబరులో కడప జిల్లా పల్లెలు ఎట్లుంటాయి? చెనక్కాయలు పీకి, అమ్ముకోగా మిగిలినవి ఇంటికి చేరి ఉంటాయి. గాలి చల్లగా ఉంటుంది. బోరులో ఇంకా తడి ఉంటుంది. మనుషుల ముఖాల్లో కొంచెం నెత్తురు ఉంటుంది. అప్పుడొచ్చి పేదరికాన్ని కొలుచుకుని, సంక్రాంతిలోపే వెళ్ళిపోయేవాడు. ఏప్రిల్, మే నెలల్లో అదే ఊళ్ళో బిందె నీళ్ళ కోసం జుట్లు పట్టుకునే సంగతి ఆయన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆయన లెక్కలో పేదరికం శీతాకాలపు పంట.

వచ్చిన ప్రతిసారీ జీపు ఎక్కగానే, "ఏమయ్యా, బనగానపల్లె మామిడిపళ్ళు తెప్పించలేకపోయావా?" అనేవాడు.

"డిసెంబరులో కాయవు సార్. మే నెలలో రండి."

"మే నెలా! ఆ ఎండల్లోనా! అమ్మో!"

ఇదే మాట ఐదేళ్ళు వరసగా అడిగాడు, నేను ఐదేళ్ళు వరసగా చెప్పాను. సేద్యపు బతుకుల మీద లావుపాటి పుస్తకాలు రాసిన మనిషికి మామిడి ఏ నెలలో పండుతుందో చివరిదాకా పట్టుబడలేదు.

కర్నూలులో గెస్ట్‌హౌసు నుంచి బయల్దేరేటప్పుడు సూటులో ఉండేవాడు. ఆళ్ళగడ్డ దాటాక జీపు ఆపించి, తలుపు చాటున నిలబడి సూటు విప్పి, నలిగిన ఖాదీ లాల్చీ తొడుక్కునేవాడు. బూట్లు పోయి టైరు చెప్పులు వచ్చేవి. ఆ లాల్చీ ముడతలు కూడా ఇస్త్రీ పెట్టించి చేయించినవేనని నా గట్టి అనుమానం. ఎందుకంటే ఐదేళ్ళూ అవే చోట్ల అవే ముడతలు. ఊళ్ళో దిగగానే కనపడిన ముసలివాళ్ళందరి చేతులూ రెండు చేతుల్తో పట్టుకునేవాడు. జీపెక్కగానే సీసాలోంచి ఏదో మందు ఒంపుకుని మోచేతుల దాకా రాసుకునేవాడు. ఆ వాసనకు మా డ్రైవరు మస్తాన్ దస్తీ ముక్కుకు కట్టుకుని బండి నడిపేవాడు.

ఊళ్ళో నీళ్ళు ముట్టేవాడు కాదు. చంకలో సొంత సీసా. తిండికి మాత్రం అడ్డం లేదు. "కాగిందేదైనా తింటానయ్యా. కాగని నీళ్ళు, కడిగిన గ్లాసులు మాత్రం ముట్టను" అనేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక ఆయన మాట. ఎవరేం చెప్పినా "ఇంట్రెస్టింగ్!" అనేవాడు. బోరు ఎండిపోయింది సామీ అంటే ఇంట్రెస్టింగ్. ఎద్దు చచ్చిపోయిందంటే వెరీ ఇంట్రెస్టింగ్. ఒక ముసలాయన తన కొడుకు పురుగుల మందు తాగిన సంగతి చెప్పి ఏడుస్తుంటే, ఈయన కళ్ళు మూసుకుని తలాడించి, అదే మాటను సాగదీసి, రాగం తీసి అన్నాడు. ముసలాయన ఏడుపు ఆపి నా వైపు తిరిగి, "ఏమంటాండాడప్పా సారు?" అని అడిగాడు. ఆయన మాట వాళ్ళకు, వాళ్ళ మాట ఆయనకు అందించే దుబాసీని నేను. "చాలా బాధపడుతున్నారు పెద్దాయనా" అని చెప్పాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పుడు తర్జుమా అది. చివరిది కాదు.

ఆయనది తెలుగు గడ్డే. కాకపోతే మన యాస తన చెవికి ఎక్కదనేవాడు. వెంట వచ్చే విదేశీ పిల్లలకు అసలే ఎక్కదు. అందుకని ఎకనామిక్స్ చెప్పుకునే నన్ను జీపులో వేసుకునేవాడు.

ఓబులమ్మ ఇల్లు మైదుకూరుకు అవతల, రోడ్డు దిగి చాలా దూరం పోతే వచ్చే ఊళ్ళో. పైన నాపరాళ్ళు పరిచిన ఒంటిగది ఇల్లు. మొగుడు లేడు. కూతురు ఈశ్వరమ్మ ఉంది. మేము మొదటిసారి పోయినప్పుడు ఆ పిల్ల మూడో తరగతి.

ఆ రోజు ఆయన ఓబులమ్మ ముందు పన్నెండు చింతగింజలు పోసి, "ఏడాదిలో ఎన్ని నెలలు కడుపునిండా తింటారో అన్ని గింజలు పక్కన పెట్టమ్మా" అన్నాడు. ఇది ఆయన పద్ధతి. దీన్ని నేర్చుకోవడానికి విదేశీ పిల్లలు సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు. ఓబులమ్మ ఐదు గింజలు జరిపింది. ఆయన ఇంట్రెస్టింగ్ అని రాసుకున్నాడు. పక్కింటికి పోదామని లేచి చూస్తే గింజలు లేవు. వెతగ్గా వెతగ్గా ఈశ్వరమ్మ పొయ్యి దగ్గర దొరికింది. ఐదు నెలలూ, ఏడు నెలలూ కలిపి పన్నెండు నెలలనూ వేయించుకుని, పొట్టు తీసి, బుగ్గన పెట్టుకుని ఉంది.

"యేమే, సార్ల గింజలు తింటివా?" అని తల్లి చెయ్యెత్తింది.

"వాళ్ళు పారేస్తారనుకుంటిని మా" అంది ఆ పిల్ల, గింజను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ.

ఆ పూట ఇంట్లో కూర్చోబెట్టడానికి ఏమీ లేక ఓబులమ్మ గోనెసంచి విప్పి కుట్టిన గోతంపట్ట పరిచింది. ఆయన దాని మీద కూర్చుని ఫొటో తీయించుకున్నాడు. ఆమె పేరు నిరుపేదల వరసలో పైనే రాసి, ఆయన ప్రాజెక్టు నుంచి రెండు గొర్రెపిల్లలు ఇప్పించాడు. ఒకదానికి రోగమొచ్చింది, రెండోది కుక్కల పాలైంది. ఆ రెండు చావుల సంగతీ కాగితాల మీదికి రాలేదు. కాగితాల్లో అవి ఇప్పటికి పెద్ద మంద అయ్యి ఉంటాయి.

రెండేళ్ళ తర్వాత ఫలితం చూడటానికి బయల్దేరాం. అప్పటికి ఈశ్వరమ్మ ఐదో తరగతి ముగిస్తోంది. ఊళ్ళో బడి అంతటితో సరి. ఆ తర్వాత రెండే దారులు. ఒకటి, ప్రొఫెసరు గారి ప్రాజెక్టు వాళ్ళు కడపలో నడిపే ఆడపిల్లల హాస్టలు బడి. నిరుపేదల పిల్లలకు మాత్రమే, ప్రొఫెసరు సంతకం ఉంటేనే సీటు. రెండోది, నంద్యాల వైపు పత్తి చేన్లు. అక్కడ విత్తనాల పత్తికి పూవు పూవుకూ పుప్పొడి అంటించాలి. చిన్నవేళ్ళయితే పని చురుగ్గా అవుతుందని ఆడపిల్లలను బండ్లలో ఎక్కించుకుపోతారు.

సీటు కోసం ఓబులమ్మ నాకు రెండు కార్డులు రాయించింది. నేను ఊరు చేరగానే ఎదురొచ్చి చెవిలో చెప్పింది. "అయివారూ, సారుకు నువ్వు ఒక్క మాట చెప్పల్ల. పాప శానా బాగా సదువుతాది. పోయినసారి గోతంపట్ట మీద కూచోబెడితి, సిగ్గుతో సచ్చిపోతిని. ఈసారి అట్ల గాదు, సూడు నువ్వే."

చూశాను. నా కళ్ళు తిరిగాయి. ఇంట్లో రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలు. ఒక టీపాయి. దాని మీద పూలగుడ్డ. మూలన టేబుల్ ఫ్యాను, పక్కింటి నుంచి కిటికీలోంచి లాగిన వైరుతో, మెడ విరిగిన కొంగలాగా ఒకే వైపుకు తిరుగుతోంది. గోడకు గడియారం. ఓబులమ్మ ఒంటి మీద జరీ అంచు చీర. నేలన బారుగా స్టీలు పళ్ళాలు, గ్లాసులు. నా లెక్క ప్రకారం వంద గ్లాసులున్నాయి. మీరు నాలుగుతో భాగించినా ఇంటికి ఎక్కువే.

మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే కుర్చీ ఒక ఇంట్లో, చెంబు ఒక ఇంట్లో తెచ్చుకుంటాం. అడగడానికి సిగ్గుపడం, ఇచ్చేవాళ్ళు చిన్నచూపు చూడరు. వచ్చినవాణ్ణి గోతంపట్ట మీద కూర్చోబెట్టడమే సిగ్గు. అందులోనూ వచ్చేది కూతురి చదువును చేతిలో పట్టుకున్నవాడాయె. ఓబులమ్మ ఊరంతా ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టింది.

ప్రొఫెసరు గారు కుర్చీలో కూర్చున్నాడు. వెంట వచ్చిన విదేశీ పిల్ల చేతిలో అట్ట, అట్టకు కాగితం, కాగితం నిండా గళ్ళు. కుర్చీలున్నాయా, ఫ్యానుందా, గడియారముందా, స్టీలు సామాను ఎంత, మాంసం తింటారా. ఒక్కొక్క గడికి ఇన్ని మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ పేదరికం తగ్గుతుంది. ఆ పిల్ల ఒక్కొక్కటి చూసి టిక్కు పెడుతోంది. టిక్కు పడినప్పుడల్లా ఓబులమ్మ ముఖం వెలుగుతోంది. కూతురికి మార్కులు పడుతున్నాయనుకుంది పాపం.

భోజనం వచ్చింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు. గుడ్లు పెడుతున్న పెట్టను కోసింది. ఆయన తినడం చూడాలి మీరు. లాల్చీ చేతులు పైకి మడిచి, సంగటి ముద్దలో గుంట చేసి, పులుసు పోయించుకుని, ఎముకను ఒక కొస నుంచి పీలిస్తే రెండో కొస నుంచి గాలి వచ్చేదాకా వదల్లేదు. నోటి నిండా పెట్టుకునే ఆ పిల్లకు చెబుతున్నాడు, "మాంసాహారం. టిక్." పులుసు చుక్క ఒకటి వచ్చి కాగితం మీద పడింది. "కోళ్ళు ఉన్నాయా?" అని ఆ పిల్ల నన్నడిగింది. పెరట్లో చూసి లేవన్నాను. ఆ గడిలో మాత్రం సున్నా పడింది. ఆ ఇంట్లో ఆ పూట ఓబులమ్మ సొంతమైంది ఆ పెట్ట ఒక్కటే. అది మా కడుపుల్లో ఉంది.

అప్పుడు జరిగింది. ఆయన తన ముందున్న గ్లాసు ఎత్తాడు. మనవాళ్ళు స్టీలు సామాను కొంటే దాని మీద పేరు చెక్కించుకుంటారు కదా. ఆ గ్లాసు మీద ఊరి శెట్టిగారి భార్య పేరుంది. ఆయన బొటనవేలితో ఆ అక్షరాలు తడిమాడు. పళ్ళెం తిప్పి చూశాడు, దాని మీద రెడ్డిగారి ఇంటి పేరుంది. అంతా అర్థమైంది ఆయనకు. తలెత్తి నన్ను చూసి కన్ను కొట్టాడు. గ్లాసు కింద పెట్టి, ఆ పిల్లతో, "స్టీలు సామాను, టిక్" అన్నాడు. కన్ను కొట్టిన మనిషిని నేను ఇంతవరకు క్షమించలేదు.

తర్వాత ఓబులమ్మను రెండో కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఈశ్వరమ్మ వచ్చి ఎక్కాలు అప్పజెప్పింది. పంతొమ్మిదో ఎక్కం తడుముకోకుండా చెప్పింది. నాకు రాదు అది. ఆయన ఆ పిల్ల తల నిమిరి ఇంట్రెస్టింగ్ అన్నాడు. జీపెక్కి చేతులకు మందు రాసుకున్నాడు.

మూడు నెలలకు ఓబులమ్మ కర్నూలుకు వచ్చింది. మడతలు పెట్టిన కాగితం ఒకటి నా చేతికిచ్చి గడప దగ్గరే కూర్చుంది.

"ఏమున్నాదో సదువు అయివారూ. మా ఊర్లో సదివినోళ్ళు ఒగొగరు ఒగొగ మాట చెప్తాండారు."

చదివాను. ఈ కుటుంబం పేదరికం నుంచి బయటపడినందుకు అభినందనలు. కావున బాలికకు సీటు ఇవ్వడానికి వీలుపడదు.

ఆమెకు మొదట నవ్వొచ్చింది. "నేనా? నేను బయటపడితినా? యెప్పుడప్పా?"

"మేము వచ్చిన రోజు కుర్చీలు, ఫ్యాను, గ్లాసులు అన్నీ చూసి రాసుకున్నారు ఓబులమ్మా."

"అవి ఆ పొద్దు మాపటికే ఇచ్చేస్తిని గదా!" అంది. కాసేపు నా ముఖం చూసింది. నవ్వు పోయింది. తర్వాత ఆమె అడిగినదాన్ని నేను ఒక్క అక్షరం పెంచకుండా రాస్తున్నాను.

"ఆయప్పను ఇంగొగసారి రమ్మను అయివారూ. ఈసారి ఏమీ పెట్టను. కూచోమని గూడా అనను. నీళ్ళు గూడా ఇయ్యను. వచ్చి సూసుకోని రాసుకోమను."

ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. ఆయన ఏదో విమానాశ్రయంలో ఉన్నాడు. "ఒకసారి బయటపడినవాళ్ళను మళ్ళీ లోపలికి రాయడానికి మా దగ్గర గడి లేదయ్యా" అన్నాడు. ఆ వానాకాలం ఈశ్వరమ్మ పత్తి చేన్లకు పోయింది. ఓబులమ్మ ఫొటో ఆయన కొత్త పుస్తకం అట్ట మీదికి ఎక్కింది. ఆ పుస్తకానికి బహుమతి వచ్చింది. అదే ఫొటో మొన్న ఫ్లెక్సీ అయ్యి, దాని ముందర పదకొండు మంది మాట్లాడారు.

ఇప్పుడు నేను ఒప్పుకోవలసిన ముక్క.

మీరు వంద గ్లాసులు అనుమానించి ఉంటారు. జీపు చాటున లాల్చీ మార్చుకోవడం, ముసలాయనతో ఆ మాట అనడం కల్పన అనుకుని ఉంటారు. కావు. ముడతల లాల్చీ నిజం, వేయించిన చింతగింజలు నిజం. కల్పించింది ఒక్కటే. ఆయన కన్ను కొట్టలేదు. గ్లాసు మీద పేరు చదవలేదు. ఎట్లా చదువుతాడు? కడిగిన గ్లాసు ముట్టడని ముందే చెప్పాను కదా. ఆయన నీళ్ళు ఆయన సీసాలోనే ఉన్నాయి.

గ్లాసు ఎత్తింది నేను. పేరు తడిమింది నా బొటనవేలు. పళ్ళెం తిప్పి చూసిందీ నేనే.

ఆయన చేసింది వేరే. ఎముక పక్కన పెట్టి, గది నలుమూలలా చూసి, నన్ను ఇంగ్లీషులో అడిగాడు. "ఏమయ్యా, ఇవన్నీ ఈమెవేనా?"

అన్నేళ్ళలో ఆ మనిషి అడగవలసిన ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి అడిగాడు. అడిగింది ఇంగ్లీషులో. కావు సార్ అని నేనూ ఇంగ్లీషులో అని ఉంటే ఓబులమ్మ పరువుకు ఏ లోటూ వచ్చేది కాదు, ఆమెకు అర్థమయ్యేది కాదు. కానీ ఆ ఉదయమే జీపులో ఆయన, "ఈ కేసు బాగా వస్తే వచ్చే ఏడు విదేశంలో సెమినారుకు నీ పేరు రాస్తానయ్యా" అన్నాడు. నా చొక్కా జేబులో పాస్‌పోర్టు ఫొటోలు ఉన్నాయి. ఓబులమ్మ గరిటె పట్టుకుని మా ఇద్దరి నోళ్ళవైపు ఆశగా చూస్తోంది. సీటు గురించి మాట్లాడుకుంటున్నామనుకుంది.

"ఆమెవే సార్" అన్నాను.

ఆమె నవ్వి, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. తిన్నాను.